నలభై రోజుల జబ్బు

రోజు 6,201

గాలిలో తేమ: ముప్పై ఒకటి. దుమ్ము: ఎక్కువ. ఫిర్యాదులు: ఒకటి, బూదికుంట నుంచి.

పొద్దున ఏడింటికి వైర్‌లెస్ సెట్టు పెట్టగానే హొన్నూరమ్మ గొంతు. బూదికుంటలో గాలిలోంచి నీళ్లు తీసే చెమ్మపెట్టెను కనిపెట్టుకుని ఉండే మనిషి ఆవిడ.

"అక్కా, మా పెట్టె దగ్గుతాండాది."

"పెట్టె దగ్గడమేంటమ్మా? దానికేమైనా ఊపిరితిత్తులున్నాయా?"

"నాకేం తెల్సు? మూడు దినాల నుంచి ఖళ్లు ఖళ్లుమంటాండాది. నీళ్లు గూడా అలిగినట్ల వస్తాండాయి."

రాసుకున్నాను: దగ్గు, అలక. ఈ పుస్తకం ఎప్పుడైనా ఎవరైనా చదివితే నవ్వకండి. ఆరేళ్లుగా ఈ తొమ్మిది ఊళ్లవాళ్లు చెప్పే జబ్బులన్నిటికీ నా దగ్గర పట్టిక ఉంది. దగ్గు రకం, అలక రకం, కప్ప అరుపు రకం, 'ఏమైందో తెలీదు గానీ బాగల్యా' రకం. ఈ చివరి రకమే ఎక్కువ.

పోయినసారి బూదికుంట పెట్టె విప్పి నేటికి ముప్పై ఎనిమిది రోజులు. ఎల్లుండి నేను అక్కడికి చేరేసరికి సరిగ్గా నలభై. అంటే నేను రెండు నెలలు కళ్లు పోగొట్టుకుని అల్లిన, దుమ్ము ఆపే నాలుగో రకం జల్లెడ కూడా దండగే. ఏ పెట్టె అయినా నలభై రోజులకు మంచాన పడుతుంది. పైగా ఏ రెండు ఊళ్ల పెట్టెలూ ఒకే రోజు పడవు. ఒకటి లేచాక నాలుగైదు రోజులు ఆగి ఇంకోటి. ఇంత మర్యాదగల జబ్బును నేనెక్కడా చూడలేదు.

ఖర్మ. ఐదో జల్లెడ మొదలుపెట్టాలి.


రోజు 6,203

తేమ: ముప్పై. బూదికుంట పోయి వచ్చాను.

కుళ్లాయప్ప ఎండబండిలో తీసుకుపోయాడు. ఆ బండికి ఎండ ఉంటేనే కదలిక, మబ్బు పడితే ఎద్దులా నిలబడిపోతుంది. వారానికోసారి గుట్ట మీది నా స్టేషన్‌కు సరుకులు తెచ్చేదీ ఆయనే. దారి పొడుగునా నోరు తెరవడు. దిగేముందు మాత్రం ఒక్క మాట అంటాడు, ప్రతిసారీ అదే. "ఒక్కతివే ఆ గుట్ట మీద ఎట్లుంటావక్కా?" నేనూ ప్రతిసారీ అదే జవాబు చెబుతాను. "నీ బండి చూసుకో నాయనా."

పెట్టె చుట్టూ ఊరంతా పదడుగుల దూరంలో నిలబడింది, గుళ్లో తెర తీసేటప్పుడు నిలబడ్డట్టు. నా సీలు చెక్కుచెదరలేదు. పటకారుతో సీలు తెంచి మూత తీశాను. లోపల పన్నెండు పళ్లేలు, ఒక్కో పళ్లెంలో చెమ్మను పీల్చే గుళికలు. రాత్రంతా గాలిలోని తడిని పీల్చుకుని, పగలు ఎండ తగలగానే వదిలేస్తాయి. ఆ వదిలిందే ఊరి తాగునీరు. దుమ్ము పట్టిందంటే పీల్చవు, కడగాలి.

విచిత్రమేమిటంటే దుమ్ము పట్టలేదు. పట్టకుండానే జబ్బు చేసింది! అయినా కడిగి, మూడు గంటలు ఎండలో ఆరబెట్టి, తిరిగి పేర్చి, కొత్త సీలు వేశాను. దగ్గు పోయిందన్నారు అందరూ.

భోజనం తిప్పక్క ఇంట్లో. పెట్టె విప్పిన రోజు నాకు అన్నం పెట్టడానికి ఇళ్లకు వంతులుంటాయి. సంగటి, ఊరిబిండి, ఓళిగలు. రెండు చాలంటే మూడోది విస్తట్లో వేసి పారిపోయింది తిప్పక్క. ఈ ఊళ్లో నేను మొదటి పెట్టె పెట్టినప్పుడు మిగిలినవి పదకొండు ఇళ్లు. మిగతావాళ్లంతా గొట్టం ఊళ్లకు పోయి, గొట్టంలో నీళ్లు వచ్చే గంట కోసం బతుకుతున్నారు. ఇప్పుడు అరవై ఇళ్లు. తిప్పక్క కూడా తిరిగొచ్చిన మనిషే.

"రేపు నా మనవరాలికి పేరు పెడతాండాం. ఉండి పోక్కా" అంది హొన్నూరమ్మ.

"స్టేషన్ ఖాళీగా ఉండకూడదమ్మా. ఇంకో ఊరి పెట్టె చెడితే సెట్టులో ఎవరు పలుకుతారు? మీ పెట్టెకు బాగోలేకపోతే పిలువు, పరిగెత్తుకుంటూ వస్తా."

ఆవిడ నా వైపు అదోలా చూసింది. చీకటి పడకముందే గుట్ట ఎక్కాను. స్టవ్ మీద నీళ్లు పెట్టి, ఒక గ్లాసే పెట్టుకున్నాను. రెండో గ్లాసు ఉంది, దుమ్ము పట్టింది. దాన్ని కూడా కడిగి మళ్లీ అక్కడే పెట్టాను.


రోజు 6,209

తేమ: ముప్పై రెండు. ఫిర్యాదులు: లేవు. మొన్న ఎర్రదిబ్బ పెట్టె చూసి వచ్చాను, కప్ప అరుపు రకం.

ఈ స్టేషన్ పెట్టి ఈ రోజుతో పదిహేడేళ్లు నిండాయి. ఏటా ఈ రోజున రత్నం దక్షిణాది నుంచి సెట్టులోకి వస్తాడు. మొదటి పెట్టె మేమిద్దరం కలిసి చేశాం. పాతికేళ్ల వయసు నుంచి స్నేహితులం.

"హేమావతీ, ఎన్ని ఊళ్లు?"

"తొమ్మిది."

"పోయినేడూ తొమ్మిదే."

"ఇవి సరిగా నడిస్తే కదా పదోది. ఇక్కడ ఒక్కరోజు నేను లేకపోతే ఏ ఊరూ తట్టుకోలేదు. సరే, నీకెన్ని?"

"లెక్కపెట్టడం మానేశాను. మొన్నెక్కడో కొండకింది ఊళ్లో పెట్టె పెట్టుకున్నారట. నాకు కబురైనా లేదు."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో అంత సంతోషమెందుకో నాకర్థం కాదు. పని చేసినవాడికి కబురైనా చేయకపోవడం గొప్పా?

మేము విడిపోయింది దీని దగ్గరే. మొదటి ఏడాది బూదికుంటలో, మేము లేనప్పుడు, నీళ్లు తగ్గాయని ఒక మేస్త్రీ పెట్టె విప్పాడు. ఉప్పు బోరు నీళ్లతో పళ్లేలు కడిగి, తలకిందులుగా పేర్చాడు. గుళికల మందు కరిగి నీళ్లలో కలిసింది. పద్నాలుగు మంది మంచాన పడ్డారు. ఈరమ్మ అనే పెద్దావిడ చనిపోయింది. హొన్నూరమ్మకు అత్త. అందరికీ సరిగ్గా నేర్పుదాం అన్నాడు రత్నం. అన్ని పెట్టెలకూ సీలు వేద్దాం, నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు అన్నాను నేను. మూడు రోజులు అరుచుకున్నాం. నాలుగో రోజు అతను పోయాడు.

నేను చేసింది తప్పా? సీలు వేశాక ఒక్క ప్రాణం పోలేదు. ఆ ఒక్క మాట చాలు నాకు. అయినా ఈ రోజు సెట్టు ఆపేశాక చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేకపోయాను.


రోజు 6,210

పడ్డాను. తేమ కొలిచే కర్ర చూడ్డానికి మెట్లెక్కుతుంటే కాలు మడతపడింది. చీలమండ దగ్గర ఫట్‌మని శబ్దం నాకే వినిపించింది. పాక్కుంటూ సెట్టు దాకా వచ్చాను.

కుళ్లాయప్ప కట్టు కట్టే ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పుత్తూరు కట్టు, వెదురు బద్దలతో. నలభై రోజులు కదలకూడదట. నలభై! ఈ అంకె నా మీద పగబట్టింది.

"మా ఇంటికి రాక్కా, నేను సూసుకుంటా" అంది హొన్నూరమ్మ సెట్టులో. "లేదంటే నేనే వస్తా పైకి."

"ఎవరూ రావద్దు, నాకేం కాలేదు. పెట్టెలు జాగ్రత్త. ఏమాత్రం తేడా వచ్చినా చెప్పండి. ఎలాగోలా వస్తాను. ఎవరూ ముట్టుకోవద్దు. విన్నారా? ఎవరూ."

తొమ్మిది ఊళ్లూ విన్నాయి. అందరం ఒకే లైన్లో ఉంటాం.


రోజు 6,217

తేమ: ఇరవై తొమ్మిది. ఫిర్యాదులు: లేవు.

ఇప్పటికి రెండు ఊళ్ల పెట్టెలు పడిపోవాలి. పడలేదు. నాలుగో జల్లెడ పనిచేస్తోందేమో! పిచ్చి సంతోషం వేసింది. గ్లాసెత్తి గోడ మీది బల్లికి శుభాకాంక్షలు చెప్పాను.


రోజు 6,224

తేమ: ఇరవై తొమ్మిది. ఫిర్యాదులు: లేవు.

సంతోషం చల్లారింది. ఎర్రదిబ్బలో ఉన్నది పాత మూడో రకం జల్లెడ. నక్కలవాగులోనైతే రెండో రకం. కొత్త జల్లెడ లేని పెట్టెలు కూడా బాగున్నాయంటే అది జల్లెడ గొప్ప కాదు.

పొద్దున ఒక్కో ఊరినీ పేరుపెట్టి పిలిచి అడిగాను. "నీళ్లెలా ఉన్నాయి?"

"బాగుండాయక్కా."

"బాగుండాయక్కా."

"బాగుండాయక్కా. నీ కాలెట్లుంది?"

తొమ్మిది గొంతులు, ఒకటే మాట. దగ్గు లేదు, అలక లేదు. ముందుగా మాట్లాడుకుని చెప్పినట్టుంది. నాకు తెలుసు ఈ మనుషుల సంగతి. కాలిరిగిన దాన్ని ఇబ్బంది పెట్టకూడదని, పాడైపోయిన నీళ్లే నోరుమూసుకుని తాగుతున్నారు. జాలి! నా మీద వీళ్లకు జాలి!

సెట్టులో అరిచాను. అబద్ధం చెబితే ఊరుకోనన్నాను. చివరికి ఎర్రదిబ్బ ఓబులేసు, "అబద్ధమేం ల్యాదక్కా, తిన్యావా?" అన్నాడు.


రోజు 6,231

తేమ: ఇరవై ఎనిమిది. ఫిర్యాదులు: లేవు. కుళ్లాయప్ప రాలేదు.

మొన్న రావాలి. రెండు రోజులైంది. బియ్యం ఉన్నాయి, ఉప్పుంది, అది కాదు బాధ. మనిషి రాలేదు. ఆ ఒక్క మాట అడగడానికైనా రాలేదు.

మంచం మీద పడుకుని వేళ్లు లెక్కపెడుతున్నాను. లెక్క ప్రకారం ఇప్పటికి ఐదు ఊళ్ల పెట్టెలు ఆగిపోయి ఉండాలి. ఒకవేళ ఎవరో ధైర్యం చేసి విప్పేసి ఉంటే? బోరునీళ్లతో కడిగేసి ఉంటే? కళ్లు మూస్తే ఈరమ్మ కనిపిస్తోంది. ఆ రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీళ్లు తియ్యగుండాయి బిడ్డా" అంది. మందు కలిస్తే నీళ్లకు తీపి వస్తుంది. నాకు తెలుసు, ఆవిడకు తెలియదు.

ఇరవై నాలుగు రోజులుగా నాకెదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి లేదు. కోపం వచ్చినా అరవడానికి బల్లి, నవ్వు వచ్చినా చెప్పడానికి బల్లి. నాకు ఒంటరిగా ఉంది. రాశాను. పదిహేడేళ్లలో మొదటిసారి రాశాను. రాసినా తగ్గలేదు.


రోజు 6,233

బూదికుంట నుంచి రాస్తున్నాను. స్టేషన్ ఖాళీగా ఉంది. ఉండనీ.

ఆగలేకపోయాను. ఎండెక్కగానే, షెడ్డులో మూలకు పడి ఉన్న మూడు చక్రాల ఎండబండి తీసి, కట్టు కాలు ముందుకు చాచి, ఒక్కదాన్నే గుట్ట దిగాను. రెండు గంటల దారి నాకు నాలుగు గంటలు పట్టింది. ప్రతి కుదుపుకీ ప్రాణం పోయి వచ్చింది. ఊరి మొదట్లో ఎవరూ కనబడలేదు. ఎవరూ మిగల్లేదేమో అనుకున్నాను.

మిగిలారు. అందరూ పెట్టె దగ్గరున్నారు. పెట్టె విప్పి ఉంది.

మూత పక్కన గోడకు ఆనించి ఉంది. పన్నెండు పళ్లేలూ ఎండలో వరసగా పరిచి ఉన్నాయి. కొంగు నడుముకు దోపి హొన్నూరమ్మ పదకొండో పళ్లెం పట్టుకుంది, తిప్పక్క నీళ్లు పోస్తోంది. నన్ను చూడగానే అంతా అలాగే బిగుసుకుపోయారు. తిప్పక్క చేతిలో చెంబు జారి పడింది.

పళ్లేల వంక చూశాను. కింది పళ్లెం ముందు, పై పళ్లెం చివర. ఏ వైపు పైకుండాలో చూపే నల్లగీతలన్నీ పైకే. కడుగుతున్నది బోరునీళ్లు కాదు, పెట్టె నీళ్లే, మూతబిందెలో దాచినవి. నేను వెతికినంత సేపూ ఒక్క తప్పు దొరకలేదు.

"సీలు తెంచారా?" అన్నాను.

"ల్యాదక్కా." హొన్నూరమ్మ తలవంచుకుంది. "సీలు ముందర ఉండాది గదా. ఎనకాల మడతబందుల మేకులు లాగితే మూత మొత్తం వచ్చేస్తాది. నీ సీలును ఏనాడూ ముట్టుకోల్యా."

"ఎన్నాళ్ల నుంచి?"

తిప్పక్క వంగి కింద పడ్డ చెంబు తీసుకుంది. "ఎన్నాళ్ల నుంచి!"

"ఆరేండ్లయింది. అమావాస్య పోయినాక పొద్దున, నెలకోసారి. తొమ్మిదూర్లలోనూ."

"ఎవరు నేర్పారు? రత్నమా?"

"ఆయనెవరు? నువ్వే నేర్పిస్తివి." హొన్నూరమ్మ తలెత్తింది. "పెట్టె ఇప్పినకాడి నుంచి మూసేదాకా నువ్వు నోరు మూస్తావా? 'కింది పళ్లెం ముందు, నల్లగీత పైకి, బోరునీళ్లు తాకించకు, తాకించకు' అని నీలో నువ్వే మాట్లాడుకుంటా చేస్తావు. మేము దూరం నిలబడి ఇనేది. ఒక్కో ఇంటోళ్లం ఒక్కో మాట పట్టుకున్యాం. అన్నీ కలిపితే పని వచ్చేసింది."

ఒక్కదాన్నే ఉండీ ఉండీ నాకా అలవాటు వచ్చి ఉంటుంది. ఉందని నాకే తెలియదు. పైకి వినబడేలా మాట్లాడుతున్నానని కూడా తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి ఆ దగ్గు? అలక? నలభై రోజుల జబ్బు?"

ఊరంతా నేల చూపులు చూసింది. తిప్పక్కకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడర్థమైంది నాకు. ఆరేళ్లు! నాలుగు రకాల జల్లెళ్లు! లేని జబ్బుకు మందు కనిపెడుతూ కళ్లు పోగొట్టుకున్నాను!

"ఎందుకే? నన్ను వెర్రిదాన్ని చేయడానికా?"

"నువ్వు రావాలని." హొన్నూరమ్మకు కూడా కోపమొచ్చింది. "పెండ్లికి పిలిస్తే రాల్యా. పేరు పెడతాం రమ్మంటే రాల్యా. మా ఆయన పోయినప్పుడు గూడా సెట్టులోనే ఏడిసి ఊరుకుంటివి. పెట్టెకు బాగల్యా అంటే మాత్రం చెప్పులేసుకునే దానికి గూడా ఆగవు. ఇంగ మేమేం సేయాల? తొమ్మిదూర్లోళ్లం తిరునాళ్లలో కూసోని వంతులు ఏసుకున్యాం. నాలుగైదు దినాలకోసారి యాడో ఒకసోట మనుసుల మద్దెన కూసోని నువ్వు కడుపునిండా తినాల. అంతే."

"కాలిరిగాక ఒక్కరైనా పిలవలేదే?"

"పిలిస్తే ఆ కాలుతోనే దిగొస్తావని భయం. పైకి వస్తామంటే వద్దంటివి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇది మేలు చేయడమా, మోసం చేయడమా? నోటికొచ్చినట్టు అరిచాను. "ఇది ఆటనుకుంటున్నారా? ఒక్క పళ్లెం తిరగబడితే ఏమవుతుందో తెలుసా? ఒక మనిషి ప్రాణం పోయింది ఈ పెట్టె దగ్గర!"

"పోయింది మా అత్త" అంది హొన్నూరమ్మ, నెమ్మదిగా. "ఆయమ్మకు చివర్న నీళ్లు పోసింది నేను. నువ్వు నాకు సెప్తావా?"

బండి మీద అలాగే కూలబడ్డాను. ఎవరితో ఏం మాట్లాడుతున్నానో కూడా మరిచిపోయాను. ఆవిడ చేతిలోని పళ్లెం ఆరబెట్టి వచ్చి, నా కట్టు కాలు తీసి తన ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వాచిపోయిందే అక్కా అంది.

సాయంత్రం బండి చప్పుడైంది. కుళ్లాయప్ప. నన్ను చూసి బండి మీదే ఆగిపోయాడు.

"ఎక్కడికి పోయావయ్యా? నాలుగు రోజులుగా నీ కోసం చూస్తున్నా."

"సున్నపుగుట్టకక్కా. పళ్లేలు ఏసుకోని పోయింటి." హొన్నూరమ్మ వైపు చూశాడు. ఆవిడ కానీయ్ అన్నట్టు తలూపింది. "ఆడ కొత్త పెట్టె పెట్టినారు. మన బూదికుంటోళ్లే పోయి పెట్టినారు. దారిలో మబ్బేసి బండి నిలబడిపోయింది."

"పదో ఊరా?"

"పదకొండు. పోయినేడు గొల్లబావిలో ఒకటి పెడితిమి."

నేను చేయలేనిది, చేయడానికి భయపడి పదేళ్లుగా ఆగిపోయినది, వీళ్లు నాకు కబురైనా లేకుండా చేసేశారు. రత్నం సంతోషం ఎలాంటిదో నాకర్థమైంది. కానీ నాకు మాత్రం ఏడుపొచ్చింది. సంతోషానికే కాదు. నేను లేకుండానే అన్నీ జరిగిపోయాయని కూడా.


రోజు 6,234

బూదికుంట. తేమ కొలవలేదు.

రాత్రంతా గుళికలు చెమ్మ పీల్చాయి. ఎండ పొడవగానే మొదటి నీళ్లు కుండలోకి దిగాయి. ఎవరూ ముట్టుకోలేదు. ఇక్కడ వీళ్లు పెట్టుకున్న పద్ధతి ఒకటుంది, నేను నేర్పినది కాదు. కడిగినవాళ్లు ముందు తాగాలి. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మిగతా ఊరు నిన్నటి నీళ్లతో సరిపెట్టుకోవాలి.

హొన్నూరమ్మ గ్లాసు ముంచింది.

"నాకివ్వు" అన్నాను. "పెట్టె చేసింది నేను. ముందు నేను తాగుతా."

"నువ్వు కడగల్యా గదక్కా" అంది. గ్లాసు ఎత్తి తాగేసింది.

నేను మిగతా ఊరితో పాటు అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని సెనిక్కాయలు వలుచుకుంటోంది. ఆవిడ మొహం తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. దగ్గితే ఉలిక్కిపడ్డాను. తియ్యగా ఉన్నాయా అని మూడుసార్లు అడిగాను. "నీళ్లు నీళ్లలాగే ఉండాయి, నువ్వు ఊరుకో" అని కసురుకుంది. పదిహేడేళ్లుగా నేను సెట్టు ముందు పడ్డ భయాన్ని వీళ్లు నెలకోసారి ఇలా అందరూ కలిసి కూర్చుని పడుతున్నారు. నేను మాత్రం ఒక్కదాన్నే పడ్డాను. ఎవరూ పడమనలేదు.

పొద్దు నడినెత్తికొచ్చింది. హొన్నూరమ్మ లేచి, కొంగు దులుపుకుని, "తాగండి" అంది. వరసలో నా వంతు తొమ్మిదోది. తాగాను. నీళ్లు బాగున్నాయి.


రోజు 6,237

స్టేషన్. తేమ: ముప్పై మూడు. ఫిర్యాదులు: లేవు.

ఇక ఉండవు కూడా. మూడు రోజులుగా ఏడింటికి సెట్టు పెడుతున్నాను. పదకొండు ఊళ్లూ 'బాగుండాది' అని చెప్పి, ఇంకేమనాలో తెలియక ఊరుకుంటున్నాయి. నిజం బయటపడ్డాక అబద్ధం చెప్పడానికి వాళ్లకు సిగ్గు. నన్ను పిలవడానికి వాళ్లకున్న సాకు పోయింది. నాకు పోవడానికున్న సాకూ పోయింది.

సీళ్లన్నీ తీసేయమని చెప్పాను. ఓబులేసు 'అట్లనే' అన్నాడు, అంతే. ఐదో జల్లెడ సగం అల్లి ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. మధ్యాహ్నం అన్నం వండాను. తినబుద్ధి కాలేదు. ఊళ్లు బాగున్నాయి. నీళ్లు బాగున్నాయి. నేనొక్కదాన్నే బాగాలేను.

నాలుగింటికి, సెట్టు పెట్టే వేళ కాని వేళ, మీట నొక్కాను.

"బూదికుంటా."

"ఏందక్కా? మల్ల పడినావా?" హొన్నూరమ్మ గొంతు నిండా కంగారు.

"లేదు." పెట్టె గురించైతే గంట మాట్లాడగలను. "రేపు అటు వద్దామనుకుంటున్నా. కుళ్లాయప్పకు చెబుతావా?"

"పెట్టె బాగుండాదక్కా."

"తెలుసు."

"మరి?"

"పనేం లేదు హొన్నూరమ్మా. ఇక్కడ ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా."

అటునుంచి చప్పుడు లేదు. చెప్పకూడనిది చెప్పానేమో అనుకున్నాను. మీట నొక్కి పట్టి ఉంటే అటు మాట వినబడదని గుర్తొచ్చి వేలు తీశాను. అప్పుడు వినబడింది, ఎర్రదిబ్బ ఓబులేసు గొంతు. "హొన్నూరమ్మా, రేపు వంతు మాది. పోయినతూరి మీ ఊర్లోనే రెండు దినాలుండాది."

"పెట్టెకేసిన వంతులు మనిషికెట్ల పనికొస్తాయి? నన్నడిగింది, నా ఇంటికే."

"మా ఊరు ఇంగా సూడనే ల్యా అక్క" అని సున్నపుగుట్ట నుంచి ఎవరో, నేనెప్పుడూ వినని గొంతు.

అందరం ఒకే లైన్లో ఉంటామన్న సంగతి మరిచేపోయాను. పదకొండు ఊళ్లూ విన్నాయి నా మాట. ఒకరి మీద ఒకరు పడి పోట్లాడుకుంటున్నారు. నక్కలవాగు వాళ్లు ఓళిగలంటున్నారు, తిప్పక్క ఎక్కడి నుంచో దూరి ఈసారి నాలుగు తినాల్సిందే అంటోంది. నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు.

కట్టు కాలు బల్ల మీద చాచుకుని, సెట్టు ఆపకుండా, వాళ్లు తేల్చుకునేదాకా వింటూ కూర్చున్నాను.